మాల తీశాక ఏం చెప్పాలి?

1973లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ ఇద్దరు సహచరులతో కలిసి ఓ చిత్రమైన ప్రయోగం చేశారు. తాగుడుకు బానిసలైన 32 మందిని, అప్పుడప్పుడూ సరదాకి పుచ్చుకునే మరో 32 మందిని పిలిచి, కొన్ని పానీయాలు రుచి చూసి ఏది ఎలా ఉందో చెప్పమన్నారు. ఎంత తాగాలన్నది వాళ్ల ఇష్టం. తిరకాసంతా గ్లాసులోనే ఉంది. కొందరికి వోడ్కా అని చెప్పి వోడ్కానే పోశారు. కొందరికి వోడ్కా అని చెప్పి, చిరుచేదుగా ఉండే టానిక్ వాటర్ మాత్రమే పోశారు. ఇంకొందరికి ఉత్త టానిక్ వాటరేనని చెప్పి అందులో వోడ్కా కలిపి ఇచ్చారు. మిగిలినవాళ్లకు టానిక్ వాటర్ అన్నారు, అదే ఇచ్చారు. ఒక పాలు వోడ్కాకు ఐదు పాళ్లు టానిక్ వాటర్. నాలుకతో పసిగట్టడం తేలిక కాదు.

'ఒక్క చుక్క గొంతు దిగిందా, ఇక వాడు ఆగడు' అన్న మాట మన ఊళ్లలోనే కాదు, అక్కడి వైద్యుల్లోనూ బలంగా ఉండేది. అదే నిజమైతే, తెలియకుండా వోడ్కా తాగిన బానిసలు గ్లాసు మీద గ్లాసు ఖాళీ చేయాలి. అలా జరగలేదు. ఎవరెంత తాగారన్నది గ్లాసులో ఏముందన్న దాన్ని బట్టి మారలేదు. అందులో ఏముందని వాళ్లు అనుకున్నారో దాన్ని బట్టి మారింది. వోడ్కా అనుకుని టానిక్ వాటర్ తాగినవాళ్లు, టానిక్ వాటర్ అనుకుని వోడ్కా తాగినవాళ్లకంటే ఎక్కువ లాగించారు.

ఇది చదివి ఎవరైనా 'అయితే ఒక్క పెగ్గుతో పోయేదేం లేదన్నమాట' అనుకుంటే అది మార్లాట్ తప్పు కాదు. మద్యం మెదడును మారుస్తుంది. ఒంటికి అలవాటవుతుంది, మానితే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ఇవేవీ ఆ ప్రయోగం కాదనలేదు. సీసాకీ చేతికీ మధ్య ఒక ఆలోచన ఉంటుందని మాత్రం చూపించింది. ఆలోచన ఉన్నచోట దాన్ని గమనించవచ్చు, పక్కకు మళ్లించవచ్చు. అలా చేయడం ఒకరు నేర్పితే ఇంకొకరు నేర్చుకోవచ్చు. ఆ తర్వాతి యాభై ఏళ్ల వ్యసన చికిత్సలో పెద్ద భాగం ఇక్కణ్నుంచే నడిచింది.

మార్లాట్ తరవాత ఇంకా సాదాసీదా ప్రశ్న ఒకటి వేసుకున్నారు. మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టేది సరిగ్గా ఎప్పుడు? ఆ రోజు ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, అంతకు గంట ముందు ఏం జరిగింది? తాగుడు, సిగరెట్లు, హెరాయిన్, జూదం, అతిగా తినడం లాంటి అలవాట్లు మాని మళ్లీ జారిన 311 సందర్భాలను ఆయన బృందం ఇలా విడదీసి చూసి 1980లో ప్రచురించింది. 35 శాతం సందర్భాల్లో ముందు వచ్చింది దిగులో, కోపమో, విసుగో. ఏదో ఒక చేదు మనఃస్థితి. 20 శాతంలో పక్కవాళ్ల బలవంతం. 16 శాతంలో ఎవరితోనో గొడవ. ఒంటి బాధ తట్టుకోలేక జారినవాళ్లు చాలా కొద్దిమంది.

అంటే నూటికి డెబ్బై మంది జారింది మూడే మూడు చోట్ల. ఆ మూడూ మనకు కొత్తవేం కావు. అప్పులవాడు వాకిట్లో నిలబడి నాలుగు మాటలని వెళ్లిన సాయంత్రం. జీతాలు పడిన రోజు 'సిట్టింగ్ వేద్దాం రారా' అని వచ్చిన ఫోను. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా ముదిరిన రాత్రి. మానాలన్న కోరిక ఆ పూట కూడా మనిషిలో ఉంటుంది. ఆ పది నిమిషాల్లో చేతులు, నోరు, మనసు ఏం చేయాలో తెలిసి ఉండదు, అంతే.

మెదడు లోపల ఏం జరుగుతోందో కొంత చూడాలి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన టెర్రీ రాబిన్సన్, కెంట్ బెరిడ్జ్ 1993లో ఒక వాదన ముందుకు తెచ్చారు. ఒక వస్తువు ఇష్టంగా ఉండటం వేరు, దాని మీదికి మనసు లాగడం వేరు. మెదడులో ఈ రెండింటి దారులూ వేరు వేరు. వ్యసనం ముదిరేకొద్దీ డోపమీన్‌తో నడిచే 'లాగుడు' దారి సున్నితమవుతూ పోతుంది. ఇష్టం మాత్రం దానితో పాటు పెరగదు, తగ్గనూ వచ్చు. 'రుచీ లేదు, కిక్కూ లేదు, అయినా తాగకుండా ఉండలేకపోతున్నా' అని తాగేవాళ్లు చెప్పే మాట సాకు కాదన్నమాట. ఇంకో సంగతి, ఆ దారిని మేల్కొలిపేది మందు ఒక్కటే కాదు. వైన్స్ బోర్డు, ప్లాస్టిక్ గ్లాసు చప్పుడు, సాయంత్రం ఏడు గంటలు, పాత మిత్రుడి బైకు హారన్, ఏదైనా చాలు.

ఇంత సున్నితమైన వ్యవహారాన్ని చక్కబెట్టడానికి పెద్ద ఆసుపత్రి, పెద్ద డాక్టరు కావాలనిపిస్తుంది. గోవాలో జరిగింది చూస్తే అలా అనిపించదు.

గోవాలో 'సంగత్' అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. అక్కడ అభిజిత్ నాడ్కర్ణి, విక్రమ్ పటేల్ తదితరులు పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక పరీక్ష నడిపారు. జ్వరానికో నడుంనొప్పికో ఆసుపత్రికి వచ్చిన మగవాళ్లకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల పత్రం ఇచ్చి, తాగుడు హద్దు దాటినవాళ్లను గుర్తించారు. మరీ ముదిరినవాళ్లను పక్కన పెట్టి 377 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యమే కాస్త మెరుగుపరిచి ఇచ్చారు. మిగతా సగానికి దాంతోపాటు కౌన్సెలింగ్ పెట్టారు. ఎక్కువలో ఎక్కువ నాలుగు సిట్టింగులు. మన వాడుకలోని ఆ సిట్టింగ్ కాదు, ఇది ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేది. కౌన్సెలర్లు సైకాలజీ చదివినవాళ్లు కారు. మానసిక వైద్యంలో ఏ అనుభవమూ లేని స్థానికులకే శిక్షణ ఇచ్చి పంపారు. వాళ్ల సంభాషణలు రికార్డు చేసుకుని, తర్వాత అందరూ కలిసి విని, ఎక్కడ బాగుంది, ఎక్కడ తప్పింది అని ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు.

ఆ సిట్టింగుల్లో ఉపన్యాసం లేదు. లివర్ బొమ్మ చూపించి భయపెట్టడమూ లేదు. 'మీ తాగుడు లెక్క ఇదీ, మీకేమనిపిస్తోంది?' అని మొదలై, తాగాలనిపించినప్పుడు ఏం చేయాలి, మనసు బాగోలేనప్పుడు ఏం చేయాలి, ఎవరైనా పోస్తే ఎలా వద్దనాలి, ఇంటి సమస్యను ముక్కలు చేసి ఎలా చూడాలి అన్న సాధన మీద నడిచేవి. తొలి ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మూడు నెలల తర్వాత ప్రమాదకర స్థాయి నుంచి బయటపడినవాళ్లు కౌన్సెలింగ్ జట్టులో 36 శాతం, రెండో జట్టులో 26 శాతం. అంతకు ముందు రెండు వారాల్లో చుక్క ముట్టనివాళ్లు 42 శాతం, 18 శాతం. ఏడాది తర్వాత చూస్తే తేడా తగ్గలేదు సరికదా పెరిగింది. బయటపడినవాళ్లు 54 శాతం, 32 శాతం అయ్యారు. అన్నీ మంచి వార్తలే కావు. మూడు నెలల నాటికి ఇంకా తాగుతున్నవాళ్లు తాగే మోతాదులో తేడా కనిపించలేదు. భార్య మీద చెయ్యి చేసుకోవడంలోనూ తేడా రాలేదు. ఈ రెండో సంగతి మర్చిపోకూడనిది. మందు మానిపిస్తే ఇల్లు చక్కబడుతుందని అనుకునేవాళ్లు దీన్ని రెండుసార్లు చదవాలి.

ఇంతకీ ఆ నేర్పులేమిటి?

మొదటిది తాగాలనిపించినప్పటి సంగతి. యావ పుట్టిందంటే అది తీరేదాకా పెరుగుతూనే పోతుందని అందరూ అనుకుంటారు. అందుకే 'ఇప్పుడు కాకపోతే గంటకైనా తాగాల్సిందే, ఇంకెందుకు ఈ అవస్థ' అని లొంగిపోతారు. నిజానికి యావ లేస్తుంది, ఒక ఎత్తుకు చేరుతుంది, తీర్చకపోయినా దిగుతుంది. చాలాసార్లు అరగంట కూడా పట్టదు. మార్లాట్ దీనికి అల మీద తేలడమని పేరు పెట్టారు. అలకు ఎదురు నిలబడితే పడేస్తుంది, దాని మీద తేలితే ఒడ్డుకు చేరుస్తుంది. యావను అణచకుండా, తిట్టకుండా, అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనిస్తూ కూర్చోవాలి. నోట్లో నీరూరుతోందా? ఛాతీ బిగుసుకుంటోందా? వేళ్లు ఊరుకోవడం లేదా? ఒక్కోటీ చూస్తూ, ఊపిరి మీద ధ్యాస పెట్టి, అది దిగేదాకా ఆగాలి.

సారా బోవెన్‌తో కలిసి మార్లాట్ దీన్ని 123 మంది సిగరెట్లు కాల్చే కాలేజీ విద్యార్థుల మీద పరీక్షించారు. సిగరెట్టు ఎదురుగా పెట్టి, వెలిగించనివ్వకుండా ఊరించారు. సగం మందికి ఆ సమయంలో అల మీద తేలడం నేర్పారు. మిగతావాళ్లను మీకు తోచినట్టు ఓర్చుకోండన్నారు. తర్వాతి వారం రోజుల్లో నేర్చుకున్నవాళ్లు తక్కువ సిగరెట్లు కాల్చారు. వాళ్లలో యావ మాత్రం తగ్గలేదు, రెండు జట్లలోనూ సమానంగానే ఉంది. యావకూ అగ్గిపుల్లకూ మధ్య ఉన్న ముడి వదులైంది. 2009 నాటి ఈ చిన్న అధ్యయనంలో అన్నిటికంటే ఆలోచింపజేసేది ఇదే. 'నాకింకా తాగాలనిపిస్తోంది, అంటే నేను బాగుపడనట్టే' అని కుంగిపోయే మనిషికి ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే సగం బరువు దిగుతుంది.

ధ్యానం అందరికీ పట్టుబడదు. అలాంటివాళ్ల కోసం ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో దారి చూపించారు. జాకీ ఆండ్రేడ్, జాన్ మే తదితరుల సిద్ధాంతం ప్రకారం యావలో ఎక్కువ భాగం బొమ్మలే. మంచు పట్టిన సీసా, గ్లాసులో లేచే నురగ, పక్కన మంచింగ్ ప్లేటు. మనసు ఆ దృశ్యాన్ని ఎంత వివరంగా గీసుకుంటే లాగుడు అంత పెరుగుతుంది. మరి ఆ పలకను ఇంకో బొమ్మతో నింపేస్తే? 31 మంది విద్యార్థులకు రోజుకు ఏడుసార్లు సందేశం పంపి, కొందరి చేత ఐపాడ్‌లో టెట్రిస్ ఆడించారు. పై నుంచి పడే దిమ్మెలను తిప్పి సర్దే ఆ పాత ఆట మూడు నిమిషాలు ఆడితే యావ తీవ్రత సగటున 70 శాతం నుంచి 56 శాతానికి తగ్గింది. వ్యసనాన్ని వీడియో గేముతో మాన్పించొచ్చని దీని అర్థం కాదు. ఆ మూడు నిమిషాలు గడిపేందుకు ఒక సాధనం దొరికిందని మాత్రమే.

ఇక చేదు మనఃస్థితి సంగతి. మన మగవాళ్లను 'ఎందుకు తాగావు?' అని అడిగితే నూటికి తొంభై పాళ్లు వచ్చే జవాబు 'టెన్షన్'. మేస్త్రీ అందరిలో అవమానించినా టెన్షనే, తోడల్లుడు కారు కొన్నా టెన్షనే, ఆదివారం ఏమీ తోచకపోయినా టెన్షనే. ఇందులో నష్టమేమిటో అమెరికాలో టాడ్ కష్డన్ బృందం 2010లో చూపించింది. సరదాకి తాగే కుర్రవాళ్ల చేత రోజూ తమ మనసెలా ఉందో, ఎంత తాగారో రాయించారు. బాధ తీవ్రంగా ఉన్న రోజుల్లో కూడా, ఆ బాధ కోపమా, సిగ్గా, దిగులా, ఆందోళనా అని విడదీసి చెప్పగలిగినవాళ్లు తక్కువ తాగారు. అంతా ఒకే ముద్దగా 'బాగోలేదు' అన్నవాళ్లు ఎక్కువ తాగారు. కారణం ఊహించడం కష్టం కాదు. అవమానమని తెలిస్తే మేస్త్రీతో మాట్లాడవచ్చు. ఒంటరితనమని తెలిస్తే చెల్లెలికి ఫోను చేయవచ్చు. ఆకలని తెలిస్తే అన్నం తినవచ్చు. టెన్షన్‌కి మాత్రం మందు ఒక్కటే విరుగుడులా కనబడుతుంది. డీ-అడిక్షన్ కేంద్రాల్లో రోజుకోసారైనా వేసుకోమని చెప్పే ప్రశ్నలు నాలుగున్నాయి. ఆకలేస్తోందా, కోపంగా ఉందా, ఒంటరిగా ఉన్నావా, అలిసిపోయావా? వినడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది. కానీ సాయంత్రం ఆరున్నరకు పనిలోంచి వచ్చే మనిషికి చాలా రోజులు నాలుగింటికీ జవాబు అవుననే.

భవిష్యత్తు కనిపించకపోవడం ఇంకో చిక్కు. నాన్సీ పెట్రీ, వారెన్ బికెల్, మరో సహచరుడు 1998లో హెరాయిన్ అలవాటున్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒక కథ మొదటి వాక్యం ఇచ్చి పూర్తి చేయమన్నారు. నిద్రలేచిన ఒక మనిషి తన భవిష్యత్తు గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు, అక్కణ్నుంచి మీరు చెప్పండి. అలవాటు లేనివాళ్ల కథలు సగటున 4.7 ఏళ్ల ముందుకు వెళ్లాయి. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. హెరాయిన్ వాడేవాళ్ల కథలు తొమ్మిది రోజుల దగ్గర ఆగిపోయాయి.

తొమ్మిది రోజులు! 'పదేళ్లకు నీ లివర్ ఉండదు' అని డాక్టరు గద్దించడం ఎందుకు పారదో ఈ ఒక్క అంకెతో తేలిపోతుంది. ఆ పదేళ్లు అతని లెక్కలోనే లేవు. తర్వాతి కాలంలో వర్జీనియా టెక్‌లో బికెల్ బృందం దీనికి మందు కూడా వెతికింది. మద్యానికి బానిసలైనవాళ్లను రాబోయే రోజుల్లోని ఒక్కో నిర్దిష్ట సంఘటనను కళ్లకు కట్టినట్టు ఊహించుకోమన్నారు. 'భవిష్యత్తు బాగుండాలి' అని కాదు. అమ్మాయి టెన్త్ చివరి పరీక్ష రాసి గేటు బయటికి వస్తుంది, ఎండగా ఉంటుంది, చేతిలో ప్యాడ్, నన్ను చూసి చెయ్యూపుతుంది. మన దగ్గరైతే ఇలా ఉంటుంది. 2016లో వచ్చిన ఆ అధ్యయనంలో ఇలా ఊహించినవాళ్లు ఇప్పటికిప్పుడు దొరికే చిన్న లాభం కంటే ఆగి అందుకునే పెద్ద లాభానికి ఎక్కువ విలువ ఇచ్చారు, మద్యానికి పెట్టదలచిన ఖర్చూ తగ్గించారు.

మెదడు స్కానులో కూడా దీని ఆనవాలు కనిపిస్తుంది. హెడీ కోబర్ బృందం 2010లో 21 మంది సిగరెట్లు కాల్చేవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి సిగరెట్ల బొమ్మలు, నోరూరించే తిండి బొమ్మలు చూపించింది. కొన్నిసార్లు ఇప్పుడు కాలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించమంది, కొన్నిసార్లు కాలుస్తూ పోతే చివరికేమవుతుందో ఆలోచించమంది. రెండో రకం ఆలోచనతో యావ తగ్గింది. అదే సమయంలో నుదుటి వెనక, పై పక్కభాగాన ఉండే, ఆలోచించి అదుపుచేసే ప్రాంతం చురుకైంది. లోతుల్లో లాగుడుతో సంబంధమున్న ప్రాంతం చల్లబడింది. వీళ్లంతా అలవాటుపడినవాళ్లే. అదుపు చేసే యంత్రాంగం వాళ్లలో చచ్చిపోలేదు. అడిగితే పనిచేసింది. చిక్కల్లా ఎవరూ అడగనప్పుడు అది తనంతట తానుగా లేవకపోవడం.

జర్మనీలో పీటర్ గోల్విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టేటర్ తదితరులు చేసిన పని ఇక్కడే అక్కరకొస్తుంది. నల్లమందు జాతి మత్తులు మానే దశలో ఆసుపత్రిలో ఉన్నవాళ్లు ఎంత అవస్థలో ఉంటారో చూసినవాళ్లకు తెలుసు. ఒళ్లు నొప్పులు, నిద్ర లేదు, ధ్యాసంతా ఒకే దాని మీద. వాళ్లను సాయంత్రం ఐదింటిలోగా ఉద్యోగం కోసం చిన్న బయోడేటా రాయమన్నారు. కొందరి చేత పొద్దున్నే ఒక వాక్యం చెప్పించారు. ఎన్నింటికి, ఎక్కడ కూర్చుని బయోడేటా మొదలుపెడతారు? ఇంకొందరి చేత అదే పద్ధతిలో మధ్యాహ్నం భోజనం ఎక్కడ, ఎప్పుడు అని చెప్పించారు. భోజనం గురించి చెప్పినవాళ్లలో ఒక్కరూ రాయలేదు. బయోడేటా గురించి చెప్పినవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది రాసిచ్చారు. కోరిక రెండు జట్లకూ ఉంది. ఒక జట్టుకు చోటు, వేళ ముందే కుదిరాయి. 'ఇది జరిగితే అది చేస్తాను' అనే ఆ ఒక్క వాక్యం, బలహీనమైన ఘడియలో మనిషి కొత్తగా నిర్ణయం తీసుకోవాల్సిన పని లేకుండా చేసింది.

ఇక పక్కవాళ్ల బలవంతం. ఇదే మన దగ్గర అన్నిటికంటే గడ్డు పరీక్ష. మన సమాజం దీనికి శాస్త్రవేత్తలకంటే ముందే ఒక ఉపాయం కనిపెట్టుకుంది.

కార్తీకం వస్తే తెలుగు ఊళ్లలో వేలమంది అయ్యప్ప మాల వేసుకుంటారు. నల్లబట్టలు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేలమీద పడక, సాయంత్రం పీఠం దగ్గర భజన, 41 రోజుల మండల దీక్ష. రోజూ క్వార్టర్ లేనిదే నిద్రపోనివాళ్లు కూడా ఆ 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండటం ప్రతి వీధిలో కనిపించేదే. భక్తే కారణమని ఇంటివాళ్లంటారు. భక్తి పాత్రను ఎవరూ కాదనక్కర్లేదు. కానీ మార్లాట్ కళ్లతో చూస్తే ఇంకా కొన్ని కనిపిస్తాయి. వైన్స్ దగ్గర నిలబడే ఏడు గంటల వేళ ఇప్పుడు భజన వేళ. 'రారా' అని పిలిచే మిత్రుడే ఇప్పుడు 'స్వామీ' అంటున్నాడు. ఎక్కడ పడుకోవాలో, ఏం తినాలో, ఎవరితో తిరగాలో అన్నీ ముందే కుదిరిపోయాయి. అన్నిటికీ మించి, ఎవరైనా గ్లాసు చాపితే చెప్పడానికి రెండు మాటలున్నాయి. 'మాలలో ఉన్నా.' ఆ మాట విన్నాక బావమరిది కూడా బలవంతం చేయడు. కారణం అడగడు. నవ్వడు.

ఇరుముడి కట్టి శబరిమల వెళ్లొచ్చి మాల తీసేశాక ఆ రెండు మాటలూ పోతాయి. 'దీక్ష అయిపోయిందిగా బావా, ఇంకేంటి!' అంటారు. అప్పుడు చెప్పడానికి అతని దగ్గర ఏ వాక్యమూ ఉండదు. 41 రోజులు మానినవాడు 42వ రోజున జారితే అతని భక్తినో పట్టుదలనో అనుమానించడం తొందరపాటు. ఇన్నాళ్లూ బరువంతా దీక్షే మోసింది, దాన్ని మోయడం అతని చేత ఎవరూ సాధన చేయించలేదు.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కథ కూడా ఇదే చెబుతుంది, తిరగేసి. అక్కడ ఉండగా హెరాయిన్ లాంటి మత్తులకు బానిసలయ్యామని చెప్పినవాళ్లు దాదాపు ఐదుగురిలో ఒకరు. సామాజిక శాస్త్రవేత్త లీ రాబిన్స్ 1971 తర్వాత వాళ్లను వెతికి పట్టుకుని పరిశీలిస్తే, అలా బానిసలైనవాళ్లలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు ఐదు శాతమే. చాలాకాలం ఎవరూ నమ్మలేదు. ఊరు మారింది, తోడు మారింది, మత్తు చవకగా చేతికందే చోటు వెనకబడింది. చోటు మారితే మనిషి మారతాడనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. దీక్ష ముగిసినవాడి కష్టమల్లా అతను తిరిగొచ్చేది పాత చోటికే.

అందుకే కౌన్సెలర్లు 'వద్దు' అనడాన్ని నాటకం ఆడించినట్టు సాధన చేయిస్తారు. కౌన్సెలరే బావమరిదై గ్లాసు చాపుతాడు. మొదటి మాటే 'వద్దు' కావాలి, అదీ కళ్లలోకి చూసి. సాకు చెప్పకూడదు. 'యాంటీబయాటిక్స్ వాడుతున్నా' అన్నవాడికి వారం తర్వాత మళ్లీ పోస్తారు. ఆ వెంటనే మాట మార్చాలి, లేదా ఇంకో పని ప్రతిపాదించాలి. 'వద్దు బావా, నేను మానేశా. నాకో థమ్సప్ చెప్పు, ఇంతకీ పొలం రిజిస్ట్రేషన్ ఏమైంది?' ఇంత చిన్న మాట నోటికి రావడానికి ఆరేడుసార్లు చెప్పి చూసుకోవాల్సి వస్తుంది. మొదటిసారి చెప్పేటప్పుడు చాలామంది గొంతు తడబడుతుంది, నేల చూపులు చూస్తారు. బంధువు మనసు నొప్పించకూడదన్న మర్యాద మనలో అంత లోతుగా ఉంది.

ఇన్ని నేర్చుకున్నా జారడం జరుగుతుంది. జారినవాళ్లలో కొందరు మర్నాడే లేచి నిలబడతారు, కొందరు నెలల తరబడి మునిగిపోతారు. తేడా ఆ రాత్రి తాగిన మోతాదులో కంటే, తాగాక తమతో తాము అనుకున్న మాటలోనే ఎక్కువగా ఉంటుందని మార్లాట్ వాదించారు. సిగరెట్లు మానుతున్నవాళ్ల మీద సూసన్ కర్రీతో కలిసి 1987లో ప్రచురించిన అధ్యయనంలో ఇది నిలబడింది. 'నా బతుకే ఇంత, నాకు పట్టుదల లేదు' అనుకున్నవాళ్లు పూర్తిగా పాత దారి పట్టారు. 'ఆ పెళ్లిలో ఆ బల్ల దగ్గర కూర్చోకుండా ఉండాల్సింది' అనుకున్నవాళ్లు తేరుకున్నారు. మునిగినవాడికి చలేమిటి అన్న మన సామెత ఈ మొదటి రకం మనసును అచ్చుగుద్దినట్టు చెబుతుంది.

ఇక్కడ ఇంటివాళ్లు మంచి ఉద్దేశంతోనే ఒక పొరపాటు చేస్తారు. పిల్లల తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తారు. ఒట్టు నిలిచినన్నాళ్లూ బాగానే ఉంటుంది. ఒక్కసారి తప్పిందంటే, అప్పటిదాకా 'ఒక రాత్రి తాగాను' అన్నది కాస్తా 'నా బిడ్డ మీద ఒట్టు తప్పిన పాపిష్టివాణ్ని' అన్నదిగా మారిపోతుంది. ఆ సిగ్గును భరించడానికి అతనికి తెలిసిన సాధనం ఒక్కటే, అది వీధి చివర బెల్టు షాపులో దొరుకుతుంది. ఒట్టుకు బదులు 'ఈసారి ఎక్కడ జారావు, అంతకు ముందు ఏం జరిగింది, వచ్చే శనివారం ఏం చేద్దాం?' అని పక్కన కూర్చుని అడిగే భార్యో అన్నో ఉంటే ఎక్కువ మేలు. చెప్పినంత తేలిక కాదు, ముఖ్యంగా ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న భార్యకు. ఆ పని ఆవిడే చేయాలని పట్టుబట్టడం కూడా అన్యాయమే.

వీటన్నిటికంటే ముందు తెలియాల్సింది ఒకటుంది. ఏళ్లుగా రోజూ పొద్దుట్నుంచే తాగేవాళ్లు ఉన్నపళంగా మానితే చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, లేని మనుషులు కనిపించడం మొదలవుతాయి. రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి రావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్లు గుంపులుగా వచ్చారు. మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవాళ్లదీ ఇదే పరిస్థితి. ఈ దశలో కావలసింది డాక్టరు, మందులు, బి1 విటమిన్. టెట్రిస్, ధ్యానం తర్వాతి మాట. మాన్పించేందుకూ నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. నేర్పులూ మందులూ పోటీదారులు కావు. 'తాగేవారికి తెలియకుండా అన్నంలో కలపండి' అనే గోడమీది ప్రకటనలను మాత్రం నమ్మకూడదు. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ లాంటిది ఉండి, తెలియక దాని మీద మద్యం తాగితే గుండెకే ముప్పు.

ఈ పద్ధతుల బలాన్ని ఉన్నదానికంటే పెంచి చెప్పడమూ సరికాదు. మోలీ మాగిల్, లారా రే 2009లో 53 పరీక్షల ఫలితాలను కలిపి లెక్కగట్టారు. ఆలోచన, ప్రవర్తనల మీద పనిచేసే చికిత్స పొందినవాళ్లలో వందకు 58 మంది, పోల్చిన జట్టులోని సగటు మనిషికంటే మెరుగ్గా ఉన్నారు. చికిత్సకు ఏ ప్రభావమూ లేకపోతే యాభై ఉండేది, యాభై ఎనిమిది వచ్చింది. అద్భుతం కాదు, కానీ నిజం. అమెరికాలో 1726 మందితో నడిచిన 'ప్రాజెక్ట్ మ్యాచ్' 1997లో తేల్చిందేమిటంటే, మూడు వేర్వేరు కౌన్సెలింగ్ పద్ధతుల ఫలితాలూ దాదాపు సమానమని. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ దారి పట్టించే పద్ధతి కూడా వాటిలో ఒకటి. ఏ దారి పట్టామన్న దానికంటే ఆ దారిలో ఏదో ఒకటి నేర్చుకుని వాడుతున్నామా అన్నదే పెద్ద ప్రశ్నలా కనిపిస్తోంది. కొకైన్ మానేవాళ్ల మీద యేల్‌లో కేథలీన్ కారోల్ బృందం 1994లో ప్రచురించిన ఫలితం ఒకటి దీనికి బలమిస్తుంది. చికిత్స ముగిసిన రోజున నేర్పుల జట్టుకూ మిగతావాళ్లకూ పెద్ద తేడా లేదు. ఏడాదిపాటు వెంట తిరిగి చూస్తే, నేర్పులు నేర్చుకున్నవాళ్లు చికిత్స ఆగాక కూడా మెరుగుపడుతూ వచ్చారు.

దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని కేంద్రం తరఫున ఎయిమ్స్ జరిపి 2019లో విడుదల చేసిన సర్వే చెప్పింది. మిగతా 37 మంది కోసం సైకియాట్రిస్టులు ఇప్పట్లో పుట్టుకురారు. గోవా పరీక్ష విలువ ఇక్కడే. పదో పన్నెండో చదివిన స్థానికుడికి శిక్షణ, ఊరి ఆరోగ్య కేంద్రంలో ఒక గది, నాలుగు సిట్టింగులు. తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్న ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థకు ఇది మించిన పనేం కాదు. ఈలోగా మత్తు మానే విషయంలో సలహాకు 14446, మానసిక ఆరోగ్యానికి టెలి-మానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితం. టెలి-మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. తాగే మనిషే చేయాలని లేదు, ఇంట్లో ఎవరు చేసినా మాట్లాడతారు.